ఖో ఇవ్వడం నేర్చుకున్న పిల్లలు

ఈ వేసవిలో మా ఊరి బడి పిల్లలకి ఖో-ఖో నేర్పే పని నాకు అప్పగించారు. కోచ్‌గా ఇదే మొదటిసారి. అంతా మూడు, నాలుగు తరగతుల వాళ్లే. అమలాపురం దగ్గర ఊరు మాది. పొద్దున్నే సున్నంతో గీతలు గీసి, రెండు సరుగుడు కర్రలు పాతితే కోర్టు తయారు.

చూడ్డానికి వట్టి పరుగే అనిపిస్తుంది కానీ పసిపిల్లలకి ఇది చాలా చిక్కు ఆట. ఎనిమిది మంది వరసగా కూర్చోవాలి, పక్కపక్క వాళ్లు చెరో వైపు తిరిగి ఉండాలి. తొమ్మిదో మనిషి తరమాలి. తరిమేవాళ్లు వెనక్కి తిరగకూడదు, మధ్య గీత దాటకూడదు. పరిగెత్తేవాళ్లకి ఆ అడ్డు లేదు.

"అదేంటండీ మాస్టారూ, వాళ్లు మాత్రం ఎటైనా వెళ్లొచ్చా?" అని ఓ పాప నిలదీసింది. న్యాయమైన ప్రశ్నే.

"అందుకే కదమ్మా, కూర్చున్నవాడికి ఖో ఇచ్చి, తరిమే పని వాడికి అప్పగించాలి" అన్నాను.

అందరినీ తనే పట్టేయాలనుకునే పిల్ల అది. నిన్న మాత్రం ఎప్పుడూ నోరు విప్పని ఓ కుర్రాడి వీపు మీద తట్టి "ఖో!" అంది. వాడు లేచి రెండంగల్లో అవుట్ చేసేశాడు! నా సంతోషం ఇంకా తగ్గలేదు.

2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన తొలి ఖో-ఖో ప్రపంచ కప్‌ని మన అమ్మాయిలూ అబ్బాయిలూ కూడా గెలిచారని చెప్తే, మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు.

తల్లిదండ్రులకి ఒక్క మాట: ఎనిమిదింటికే ఎండ మండిపోతోంది, పిల్లలకి మజ్జిగ సీసా ఇచ్చి పంపండి. కాలేజీ కుర్రాళ్లు ఎవరైనా ఖాళీగా ఉంటే రండి, పరిగెత్తడానికి మనుషులు కావాలి.