ఒక్క చుట్టు నూలు: న్యూపోర్ట్ పీతల రేవులో రెండు రోజులు

“పీతల సీజన్ వెనక్కి జరిగిందిరా. చూడాలనుంటే ఇప్పుడే రా. ఇంకో వారం ఆగావంటే రేవులో ఒక్క బోను మిగలదు” అని బావ ఫోన్ చేశాడు. మర్నాడే సెలవు పెట్టి అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో నేనుండే పోర్ట్‌లండ్ నుంచి బయల్దేరాను. డిసెంబర్ రెండో వారం, వదలని వాన.

అక్కావాళ్లు కార్వాలిస్‌లో ఉంటారు. బావది హైడ్రాలిక్ యంత్రాల రిపేరు పని. పడవల మీద తాళ్లు లాగే యంత్రాలు మొరాయిస్తే ఆయనకే కబురొస్తుంది. అలా పరిచయమైన ఒక కెప్టెన్ ఈసారి యంత్రం పని ఉందని పిలిచాడట. అక్క కట్టిచ్చిన పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని 20వ నంబరు హైవే మీద పడమటికి పోతుంటే, దారంతా కొండలు, ఫర్ చెట్లు, మంచు పొగ. గంట దాటాక ఉప్పుగాలి వాసన తగిలింది.

న్యూపోర్ట్ ఒరెగాన్ తీరంలో ఒక చిన్న ఊరు. యాక్వినా నది ఇక్కడ పసిఫిక్‌లో కలుస్తుంది. 1936లో కట్టిన పచ్చరంగు ఆర్చీల వంతెన ఊరికి గుర్తు. అయితే ఆ రోజు నా కళ్లు వంతెన మీద నిలవలేదు. రేవు పొడుగునా తలకెత్తు దాటి దొంతరలు పేర్చిన ఇనుప బోన్లు, వాటి పక్కన గుట్టలుగా రంగురంగుల బోయాలు, అంటే బోను తాడు కొసన నీళ్ల మీద తేలే గుర్తులు. డంజనెస్ పీతల కోసం ఇవన్నీ. వాషింగ్టన్ రాష్ట్రంలోని డంజనెస్ అనే చోటి పేరే ఆ పీతకు పెట్టారు. ఒరెగాన్ 2009లో దీన్ని తన రాష్ట్ర పీతగా ప్రకటించుకుంది. ఆ పని చేయించింది నాలుగో తరగతి పిల్లలని తెలిసి సంతోషమేసింది.

సీజన్ డిసెంబర్ 1న తెరుచుకుని ఆగస్టు 14న మూతపడాలి. కానీ తేదీ వచ్చింది కదా అని పడవలు వదలరు. మగపీత ఎండాకాలం చివర్లో పాత డొప్ప విడిచి పెద్ద డొప్ప తొడుక్కుంటుంది. బయటికి పెద్దదే, లోపల మాత్రం నీళ్లు. కండ పట్టడానికి నెలలు పడుతుంది. అందుకే నవంబర్ నుంచే కొన్ని పీతల్ని పట్టి, ఉడికించి, కండ ఒలిచి తూకం వేస్తారు. మొత్తం బరువులో దాదాపు నాలుగో వంతు కండ ఉంటేనే తలుపు తీస్తారు. దీనికి తోడు ఇంకో పరీక్ష. సముద్రంలో ఒక రకం నాచు ముదిరితే డొమోయిక్ ఆమ్లం అనే విషం పీత పేగుల్లోకి చేరుతుంది. కండలో 20 పీపీఎం (పది లక్షల్లో ఇరవై వంతులు), పేగుల్లో 30 పీపీఎం దాటకూడదు. 2015లో ఈ విషం వల్లే తీరమంతా సీజన్ ఆలస్యమైంది. మేం వెళ్లినప్పుడు మాత్రం ఆలస్యానికి కారణం కండే.

కెప్టెన్‌కి అరవై దాటి ఉంటాయి. చేతులు చూస్తే చాలు, ఏం పనో తెలిసిపోతుంది. ఆయన కూతురే పడవ మీద పెద్ద కళాసీ. బావ యంత్రం విప్పుతూ కూర్చున్నాడు. నేను ఖాళీగా నిలబడటం చూసి ఆ అమ్మాయి ఒక నూలు ఉండ, కత్తెర తెచ్చి నా ముందు పెట్టింది.

“మీకు ముడులు వేయడం వచ్చా?”

“వచ్చండీ.”

“అయితే ఈ వరస మీది.”

వాళ్లు బోనుని పాట్ అంటారు. గుండ్రంగా ఉంటుంది, పెద్ద బండి చక్రమంత. ఇనుప చట్రానికి రబ్బరు చుట్టి, మీద సన్నటి స్టెయిన్‌లెస్ తీగతో అల్లుతారు. రెండు వైపులా లోపలికి పోయే దారులుంటాయి. వాటి కొసన వేలాడే తీగ తలుపులు లోపలికే తెరుచుకుంటాయి, బయటికి తెరుచుకోవు. మధ్యలో చిల్లుల డబ్బాలో ఎర. పైన మూతని సాగే రబ్బరు పట్టీతో లాగి కొక్కేనికి తగిలిస్తారు. ఒక్కటి ఎత్తబోతే నడుం పట్టేసినంత పనైంది. ఖాళీ బోనే అంత బరువు.

నా పని ఆ కొక్కేనికీ పట్టీకీ మధ్య నూలు దారం కట్టడం. మన పురికొస కంటే కాస్త లావు. ఒక బోనుకి కట్టాను, రెండో దానికి కట్టాను. సముద్రంలోకి పోయే వస్తువు కదా, ఊడిపోకూడదని రెండేసి చుట్లు తిప్పి బిగించాను. అయిదోది కడుతుండగా ఆ అమ్మాయి వచ్చి వంగి చూసింది. మారు మాట లేకుండా కత్తెర తీసుకుని అయిదూ కోసేసింది.

“గట్టిగా కట్టానండీ” అన్నాను.

“అదే తప్పు. ఒక్క చుట్టే ఉండాలి. రంగు, తారు ఏమీ పూయని నూలే ఉండాలి. 120 నంబరు కంటే లావు ఉండకూడదు. ఇలాగే ఉండాలని చట్టంలో రాసి ఉంది.”

అలా ఎందుకుండాలో ఆమె చెప్పిన తీరు నేను మర్చిపోలేను. తుఫానులో తాడు తెగుతుంది. ఏదో ఓడ ప్రొపెల్లర్ బోయాని కోసుకుపోతుంది. బోను అడుగున ఉండిపోతుంది. యజమాని లేడు, ఎర అయిపోయింది, అయినా ఆ తీగ తలుపులు పని ఆపవు. ఒక పీత లోపలికొస్తుంది, బయటికి పోలేక చస్తుంది. ఆ చచ్చిన పీతే ఇంకో పీతకి ఎర. అలా ఏళ్ల తరబడి. ఇంగ్లీషులో దీన్ని దయ్యపు వేట అంటారు. నూలు ఉప్పునీళ్లలో కుళ్లి తెగిపోతే పట్టీ వదులవుతుంది, మూత తెరుచుకుంటుంది, లోపలున్నవి పోతాయి. నైలాన్ కడితే ఎప్పటికీ తెగదు. నూలే రెండు చుట్లు వేస్తే ఆలస్యంగా తెగుతుంది. ఆ ఆలస్యమంతా లోపలున్న పీతల ప్రాణాల మీదికే.

పోగొట్టుకోబోయే వస్తువు గురించి ముందే ఆలోచించి పెట్టిన నియమం ఇది. దాని ముందు నేను చదివిన మిగతా నియమాలన్నీ చిన్నవిగా కనిపించాయి. దొంగతనం చేయకు, ఎక్కువ పట్టకు అని అందరూ రాస్తారు. నీ చెయ్యి దాటిపోయాక కూడా నీ బోను ఎలా ప్రవర్తించాలో రాయడం వేరు. మళ్లీ మొదటి నుంచి కట్టుకుంటూ వచ్చాను, ఒక్క చుట్టు, ఒక్క ముడి. సాయంత్రానికి నలభై ఆరయ్యాయి.

బోనుకి ఇంకో రెండు కిటికీలున్నాయి, పై సగంలో. లోపలి వ్యాసం 4¼ అంగుళాలకు తగ్గకుండా రెండు ఉంగరాలు. చిన్న పీతలు వాటిలోంచి బయటికి పోవాలి. నాకు ఒక సందేహం వచ్చింది. వేటకి పనికొచ్చే పీత డొప్ప వెడల్పు కనీసం 6¼ అంగుళాలు. మరి అయిదున్నర అంగుళాల పీత నాలుగుంబావు ఉంగరంలో ఎలా దూరుతుంది? కెప్టెన్‌ని అడిగితే తన అరచేతిని ఉంగరం ముందు పెట్టి పక్కకి జరిపాడు. పీత అడ్డంగా నడుస్తుంది కదా! ఉంగరంలోంచి పోవాల్సింది దాని ముందు వెనకల కొలతే గాని వెడల్పు కాదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పీత నడక చూస్తున్నాను, అప్పటిదాకా తట్టలేదు.

సాయంత్రం బావ పని అయ్యాక, ఆ అమ్మాయి ఇచ్చిన పాత గేజ్ (వర్తకుల 6¼ అంగుళాల కొలబద్ద) ఒకటి జేబులో వేసుకుని వంతెన దక్షిణపు వైపున్న చేపలు పట్టే వంతెన మీదికి నడిచాం. అక్కడ సరదాకి పీతలు పట్టుకునేవాళ్లుంటారు. వాళ్లకి వేరే నియమం: లైసెన్సు ఉండాలి, మగపీతలే, 5¾ అంగుళాలు చాలు, రోజుకి పన్నెండు. వర్తకులకి అర అంగుళం ఎక్కువ. ఒక కుర్రాడు అప్పుడే పీతలు పట్టే వల రింగు లాగాడు. మూడు పీతలు. మొదటిదాన్ని వాళ్లమ్మ తిప్పి చూసింది. పొట్ట కింద మడత వెడల్పుగా గుండ్రంగా ఉంది, ఆడది. వెంటనే నీళ్లలోకి. రెండోది కొలతకి రాలేదు. మూడోది మగది, మడత సన్నగా కొనదేలి ఉంది. కుర్రాడి కొలబద్దకి సరిపోయింది. నేను అడిగి నా గేజ్ పెట్టి చూశాను. డొప్ప అంచున అన్నిటికంటే పెద్ద ముల్లు ఉంటుంది. దానికి ఒక్క వెంట్రుక ముందు, ముల్లు తగలకుండా కొలవాలి. గేజ్ రెండు కొనలూ డొప్ప మీంచి గాలి ఆడేంత సందుతో జారిపోయాయి. అదే పీత కెప్టెన్ పడవ మీద ఉంటే తిరిగి సముద్రానికే. కుర్రాడు మాత్రం బకెట్‌లో వేసుకున్నాడు.

ఆ అర అంగుళానికి కారణం ఉంది. అంత వెడల్పుకి వచ్చేసరికి మగపీత ఒకటి రెండుసార్లయినా జతకట్టి ఉంటుంది. ఆడపీతల్ని అసలు ముట్టుకోరు. సీజన్‌లో పడే సరుకులో అధికభాగం మొదటి ఎనిమిది వారాల్లోనే పట్టేస్తారు. అయినా పీతలు ఏటా వస్తూనే ఉన్నాయి. వచ్చే సంఖ్య ఒక ఏడు ఎక్కువ, ఒక ఏడు తక్కువ.

రాత్రి కెప్టెన్ పడవ మీదే కాఫీ ఇచ్చాడు. 1995 నుంచి కొత్త పర్మిట్లు లేవు, ఉన్నవాటినే కొనుక్కోవాలి. 2006 నుంచి బోన్లకి కూడా లెక్క: పర్మిట్‌ని బట్టి 200, 300, లేదా 500. ఈయనది 300. ప్రతి బోను బోయాకి రాష్ట్ర మత్స్య శాఖ ఇచ్చిన ట్యాగ్ ఉండాలి. బోయా రంగులు నమోదు చేయించుకోవాలి. ఎన్ని బోన్లు ఎక్కడ వేశాం, ఎంత పడిందో లాగ్‌బుక్‌లో రాయాలి. సీజన్ తెరిచే ముందు పడవ గది ఖాళీగా ఉందని తనిఖీ చేయించుకోవాలి. ముందే దొంగచాటుగా పట్టి దాచలేదని దాని అర్థం.

ఆయన నిజంగా బాధపడింది తిమింగలాల మాట వచ్చినప్పుడు. బోను తాడు హంప్‌బ్యాక్ తిమింగలం తోకకో రెక్కకో చుట్టుకుంటే అది దాన్ని నెలల తరబడి ఈడ్చుకుంటూ తిరుగుతుంది. అందుకే 2021 నుంచి సీజన్ చివరి నెలల్లో 40 ఫాదమ్‌ల లోతు దాటి బోన్లు వేయకూడదు, సంఖ్యలో అయిదో వంతు తగ్గించాలి. ఈయన 300 కాస్తా 240. ఫాదమ్ అంటే చేతులు బార్లా చాపినంత, అచ్చంగా మన బార, ఆరడుగులు. నలభై బారలంటే 240 అడుగులు. “ఎండాకాలం ఆదాయం తగ్గిందని మావాళ్లు కోప్పడ్డారు. తాడు చుట్టుకున్న తిమింగలాన్ని నేను ఒకసారి దగ్గరగా చూశాను. అప్పటి నుంచి నాకు కోపం రాలేదు” అన్నాడు.

పడుకునే ముందు గోడకి వేలాడుతున్న ఎర్రటి రబ్బరు సూటు చూపించాడు. నీళ్లలో పడితే చలికి చేతులు కొంకర్లు పోకముందే తొడుక్కోవాల్సింది. లైఫ్ రాఫ్ట్, ఉపగ్రహానికి కబురంపే బీకన్, మంట సిగ్నళ్లు, నెలనెలా అభ్యాసాలు, ఇవన్నీ దేశం మొత్తానికీ ఉన్న నియమాలు. 2019 జనవరి 8 రాత్రి ఈ నది మొగ దాటుతూనే ఒక పీతల పడవ తిరగబడి ముగ్గురు పోయారు. ఊళ్లో ఎవరూ ఆ మాట గొంతు పెంచి చెప్పలేదు.

మర్నాడు తెల్లవారుజామున ఊరంతా మేలుకునే ఉంది. సీజన్ తెరవడానికి మూడు రోజుల ముందు బోన్లు దింపుకోవచ్చు, పైకి లాగకూడదు. ఆ దింపుడు ఆ ఉదయమే మొదలు. మేం పాత దీపస్తంభం ఉన్న గుట్ట మీదికెక్కాం. ఉత్తర దక్షిణాల రెండు రాతిగట్ల మధ్యనుంచి పడవలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. డెక్ మీద బోన్ల దొంతర ఎంతెత్తు ఉందంటే వెనక కెప్టెన్ గది కిటికీ మాత్రమే కనిపిస్తోంది. మొగలో అల లేచిన ప్రతిసారీ ఆ దొంతర మొత్తం ఒక పక్కకి ఒరిగి, ఆగి, మళ్లీ నిలబడుతోంది. నా పక్కన నిలబడ్డ ఒక పెద్దావిడ ప్రతి పడవనీ పేరుపెట్టి పిలుస్తూ లెక్క పెడుతోంది. నారింజ, తెలుపు బోయాలున్న పడవ వచ్చినప్పుడు బావ నా భుజం తట్టాడు. మాదే. అది మూడు పెద్ద అలలెక్కి దిగి, పొగమంచులోకి పోయేదాకా మేం ఏమీ మాట్లాడుకోలేదు.

ఫిబ్రవరిలో ఆ అమ్మాయి బావకి మెసేజ్ పెట్టింది. సరుకు బాగానే పడిందట. జనవరి తుఫానులో పదకొండు బోన్లు పోయాయట. తాడూ బోయాలతో కలిపి ఒక్కొక్కటి వందల డాలర్ల ఖరీదు. ఆగస్టులో సీజన్ మూశాక, పోయిన బోన్లు ఏరుకొచ్చే పడవలకి అనుమతిస్తారు, 2014 నుంచి ఆ ఏర్పాటు ఉంది. వాటికి దొరికితే దొరుకుతాయి, లేదంటే లేదు.

“ఆ పదకొండులో నువ్వు కట్టినవి ఎన్నో” అన్నాడు బావ. మూడు వందల్లో నావి నలభై ఆరు, అంటే ఒకటో రెండో ఉండే ఉంటాయి. మార్చి సగానికల్లా నూలు తెగిపోయి ఉంటుందని ఆయన లెక్క. నీళ్లు చల్లగా ఉంటాయి కదా, ఏప్రిల్ దాకా పడుతుందని నేనన్నాను.