మూడు చెరువుల నీళ్లు తాగించిన చైనా టైల్స్: నా అనుభవం

కంటెయినర్ మొన్ననే గోదాముకు చేరింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. చల్లారాక రాస్తే మర్యాదలు అడ్డొస్తాయి, అసలు సంగతులు మరుగున పడతాయి.

విజయవాడలో మాది టైల్స్ వ్యాపారం. ఏళ్ల తరబడి గుజరాత్‌లోని మోర్బీ ఊరి సరుకే అమ్ముతున్నాం. అక్కడ లారీ ఎక్కితే వారం తిరగకుండా గుమ్మంలో దిగే టైల్స్ ఉండగా చైనా దాకా ఎందుకని అందరూ అడిగారు. ఒక హోటల్ పని చేస్తున్న ఆర్కిటెక్టు పట్టు అది. గోడలకు 400 బై 800 మిల్లీమీటర్ల తెల్ల బాడీ టైల్స్ (లోపలి మట్టి కూడా తెల్లగా ఉండేవి) కావాలి, పైన అలల్లాంటి ఉబ్బెత్తు పని ఉండాలి. మోర్బీ నమూనాలు చూపిస్తే ఆయన పెదవి విరిచారు. పైగా మోర్బీలో బొగ్గు గ్యాసుతో నడిచే ప్లాంట్లు మూసేయాలని హరిత ట్రైబ్యునల్ 2019 మార్చిలోనే ఉత్తర్వు ఇచ్చింది. సహజవాయువుకు మారుతున్నాం, ధర ఇప్పుడే చెప్పలేమని అక్కడి వాళ్లు నసుగుతున్నారు. సరే, చైనాయే అనుకున్నాను.

దిగుమతిదారుకు ఉండాల్సిన ఐఈసీ కోడు, వీసా, బ్యాంకులో డాలర్ల చెల్లింపు: వీటి గురించి చెప్పడానికేమీ లేదు. అడిగిన కాగితం ఇస్తే పని అయిపోయింది.

2019 ఏప్రిల్ 15న గ్వాంగ్జౌలో కాంటన్ ఫెయిర్ అనే పెద్ద వాణిజ్య ప్రదర్శన మొదటి విడత మొదలైంది. అప్పట్లో భవన నిర్మాణ సామగ్రి ఆ విడతలోనే ఉండేది. అక్కడ ఎంబీబీఎస్ చదువుతున్న ఒంగోలు కుర్రాడొకడు దుబాసీగా దొరికాడు. "బాబాయిగారూ, ఇక్కడ ధరలు అడగండి చాలు. కొనడం మాత్రం ఫోషాన్ వెళ్లాకే" అన్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అందిన సలహాల్లో పనికొచ్చింది అదొక్కటే. ఇచ్చినవాడికి వ్యాపారంతో సంబంధమే లేదు.

ఫోషాన్ పక్క ఊరే. అక్కడి షివాన్ ప్రాంతంలో మింగ్ రాజుల కాలం నాటి నాన్‌ఫెంగ్ బట్టీ ఉంది. కుండలూ బొమ్మలూ కాల్చిన ఆ ఊరే తరువాత టైల్స్‌కు రాజధాని అయింది. చైనా సిరామిక్స్ సిటీ అనే భవనంలో ఒక పూట తిరిగితే కాళ్లు పడిపోతాయి. అయితే షోరూములు ఫోషాన్‌లో ఉన్నా బట్టీలు చాలావరకు ఊరు దాటిపోయాయి. పొగ, దుమ్ము తగ్గించాలని 2000ల చివర్లో అక్కడి ప్రభుత్వం ఫ్యాక్టరీలను తరిమింది. చింగ్యువాన్, ఝావోచింగ్, పక్క రాష్ట్రంలోని గావోఆన్ దాకా వెళ్లిపోయాయి. కాబట్టి ఫ్యాక్టరీ చూపిస్తామని షోరూము వెనక గోదాము చూపిస్తే ఒప్పుకోకండి. నేను పట్టుబట్టి ఝావోచింగ్ వెళ్లి, నా టైల్స్ కాలే బట్టీ చూసి, అట్టపెట్టెల మీద షేడ్ నంబరు (రంగు ఛాయ గుర్తు) నా ఎదుటే రాయించుకుని వచ్చాను.

ఆ రోజుల్లో అక్కడ అందరి నోటా అమెరికా మాటే. ప్రదర్శనకు ఐదు రోజుల ముందు, ఏప్రిల్ 10న, అమెరికాలోని టైల్స్ తయారీదారులు చైనా సరుకుపై యాంటీ డంపింగ్ సుంకమూ (మరీ చవగ్గా తెచ్చి కుమ్మరించే విదేశీ సరుకుపై వేసే అదనపు పన్ను), సబ్సిడీ వ్యతిరేక సుంకమూ వేయాలని తమ ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. అప్పటికే ట్రంప్ వేసిన 10 శాతం అదనపు సుంకం నడుస్తోంది. నేను తిరిగొచ్చాక మే 10న అది 25 శాతమైంది. అప్పట్లో అమెరికా బయటి నుంచి కొనే టైల్స్‌లో దాదాపు మూడో వంతు చైనావే కాబట్టి, ఆ తలుపు కూడా మూసుకుంటే ఏమిటి గతి అన్నది వాళ్ల బెంగ. యూరప్ 2011లోనే 69.7 శాతం దాకా సుంకం వేసింది. 2013లో 110 కోట్ల చదరపు మీటర్లు దాటిన చైనా టైల్స్ ఎగుమతి 2018 నాటికి 85 కోట్ల దగ్గరికి దిగింది. మన ఎగుమతి అదే ఏడు 27 కోట్లు దాటింది. "మా దగ్గర యంత్రాలు కొన్నారు, ఇప్పుడు మా కొనుగోలుదారులను కూడా పట్టుకుపోతున్నారు" అంది ఆ ఫ్యాక్టరీ అమ్మకాల అమ్మాయి, నేనే మోర్బీ అన్నట్టు నా వైపు చూస్తూ. గల్ఫ్ వ్యాపారి ఒకాయన టీ తాగుతూ, రెండేళ్లుగా మోర్బీలోనే కొంటున్నానని, ఇక్కడికి డిజైన్లు చూడటానికి మాత్రమే వచ్చానని నాతో చెప్పాడు.

వాళ్ల బెంగ నాకు కలిసొచ్చింది. మునుపు డిజైనుకు ఒక కంటెయినర్ కొంటేనే మాట్లాడేవాళ్లట. నాకు ఒకే కంటెయినర్‌లో మూడు డిజైన్లకు ఒప్పుకున్నారు. ధర కూడా మొదట చెప్పినదానికి బాగా కిందికి లాగాను. బేరంలో నన్ను మించినవాణ్ణి మా బజారులో చూపించమనండి. జూన్ మొదట్లో సరుకు నాన్షా రేవు నుంచి బయల్దేరింది. సముద్రం మీద ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది అంతా మన గడ్డ మీదే. రేవు పేరు చెప్పను. తూర్పు తీరంలో ఉన్నదని మాత్రం చెబుతాను.

ముందు విషయం అర్థం కావాలి. 2019లో చైనా టైల్స్‌పై మన దేశంలో యాంటీ డంపింగ్ సుంకం అమల్లో ఉంది. 2017 జూన్‌లో ఖరారు చేశారు, చదరపు మీటరుకు 1.87 డాలర్ల వరకు పడేది. కానీ అది చైనా టైల్స్ అన్నింటికీ కాదు. పాలిష్ చేసినవైనా చేయనివైనా సరే, నీటిని పీల్చుకునే గుణం 3 శాతం కంటే తక్కువ ఉన్న పోర్సిలిన్, విట్రిఫైడ్ టైల్స్‌కు మాత్రమే. విట్రిఫైడ్ అంటే లోపల గాజులా బిగిసిపోయి నీటిని పీల్చని సరుకు. గోడ టైల్ అలా ఉండదు. పైన గ్లేజు (గాజులాంటి పూత) ఎంత మెరిసినా దాని వెనక భాగం నీటిని గటగటా తాగేస్తుంది. సిమెంటు గోడను పట్టుకోవడానికి ఆ గుణమే ఆధారం. అందుకే కస్టమ్స్ పట్టికలో కూడా వీటికి వేర్వేరు కోడ్లు: నీటి పీల్పు 0.5 శాతం మించనివి 690721, 10 శాతం దాటినవి 690723. నావి రెండో రకం. ఫ్యాక్టరీ ఇచ్చిన ఇన్వాయిసులో ఆ కోడే ఉంది.

రేవులో సరుకు విడిపించే మా క్లియరింగ్ ఏజెంటు బిల్ ఆఫ్ ఎంట్రీలో (దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కు ఇచ్చే పత్రంలో) మొదటి కోడు వేశాడు. ఎందుకు వేశాడు? అంతకుముందు వేరే పార్టీకి విట్రిఫైడ్ సరుకు విడిపించిన కాగితం కంప్యూటర్‌లో ఉంది, దాన్నే తెరిచి పేరూ తూకమూ మార్చి పంపేశాడు. ఇన్వాయిసు చూడలేదు. అడిగితే "అన్నీ టైల్సే కదండీ" అన్నాడు. ఈ మాటకు ఫీజు తీసుకున్నాడు.

కంటెయినర్ తనిఖీకి పడింది. షెడ్డులో నాలుగు పెట్టెలు తెరిచారు. గ్లేజు మెరుపు చూడగానే అధికారి "ఇవి పాలిష్ చేసిన విట్రిఫైడ్, యాంటీ డంపింగ్ కట్టండి" అన్నాడు. ఇవి గోడ టైల్స్ అని, ఇన్వాయిసు చూడమని చెప్పాను. ఆయన బిల్ ఆఫ్ ఎంట్రీ నా ముందుకు తోశాడు. "అర శాతం లోపు అని మీరే రాసిచ్చారు. ఇప్పుడేమో నీళ్లు పీలుస్తాయంటున్నారు. రెండింట్లో ఏది అబద్ధం?"

ఏజెంటు వైపు చూశాను. ఏజెంటు ఫోను వైపు చూస్తున్నాడు.

నా చేతిలో తాగే నీళ్ల సీసా ఉంది. ఒక టైల్‌ను బోర్లా తిప్పి, వెనక గరుకు భాగం మీద కాసిని నీళ్లు పోశాను. పోసిన చోట చెంచాడు నీళ్లు కూడా నిలవలేదు. తెల్లటి మట్టి మీద బూడిదరంగు మరక పాకింది, చూస్తుండగానే తడి మెరుపు మాయమైంది. విట్రిఫైడ్ అయితే నీళ్లు ముత్యాల్లా నిలబడి పక్కకు జారతాయి. టైల్స్ బేరగాళ్లెవరైనా అంగడిలో ఇలాగే తేల్చుకుంటారు. అధికారి నవ్వి, "గారడీ చూపిస్తున్నారా? ఇది మీ దుకాణం కాదు" అన్నాడు. చుట్టూ ఉన్న హమాలీలూ మరో ఇద్దరు ఏజెంట్లూ కూడా నవ్వారు. ఈ వయసులో, ఈ వ్యాపారంలో తల నెరిసిన నేను, సీసా పట్టుకుని ఆ నలుగురి మధ్య తెల్లమొహం వేసుకుని నిలబడ్డాను. టైల్ గుణం నీటితో కాక దేనితో తేలుతుందో ఆయనే చెప్పి ఉండాల్సింది.

బయటికి వచ్చాక ఏజెంటు హితబోధ మొదలుపెట్టాడు. "కట్టేయండి సార్. లక్షా ఎనభై వేలు పైచిలుకు అవుతుంది. కంటెయినర్ రోజుల తరబడి ఆగితే అంతకంటే ఎక్కువ పోతుంది." లెక్క ప్రకారం అతను చెప్పింది నిజమే. కానీ ఆ సుంకం కట్టడమంటే నా సరుకు విట్రిఫైడ్ అని ఒప్పుకోవడం. రేపు ఎవరో పాత కాగితాలు తిరగేసి, సరుకు దాచి సుంకం ఎగ్గొట్టబోయాడు అంటూ జరిమానా నోటీసు పంపితే అప్పుడు నా నోరు పెగలదు. కట్టనన్నాను. అతను ఇంకో దారి చెప్పాడు: ఈ బిల్ ఆఫ్ ఎంట్రీ రద్దు చేయించుకుని సరైన కోడుతో కొత్తది వేద్దామని. తన తప్పు కాగితాల్లో కనబడకుండా పోయే దారి అది. అదీ వద్దన్నాను, ఉన్న బిల్లునే సవరించమని అర్జీ పెట్టించాను. జూలై 5న బడ్జెట్ వచ్చింది. నిర్మలా సీతారామన్ టైల్స్ మీద దిగుమతి సుంకం 10 నుంచి 15 శాతానికి పెంచారు. బిల్లు దాఖలైన నాటి రేటే వర్తిస్తుంది కాబట్టి నాకు పాత 10 శాతమే. కొత్త బిల్లు వేసి ఉంటే ఆ తేడా కూడా నా నెత్తినే పడేది. ఆ సంగతి ఏజెంటుకు ఫోను చేసి మరీ చెప్పాను.

నమూనా తీసి సీలు వేసి ప్రయోగశాలకు పంపారు. అక్కడ ఆ పరీక్షకు సదుపాయం లేదని తిప్పి పంపారు. ఇంకో చోటికి పంపడానికి ఇంకో అనుమతి. ఈలోగా ఇంట్లో కాలు నిలవక, ఫోషాన్ నుంచి సంచిలో తెచ్చుకున్న నమూనా టైల్ నుంచి ఒక ముక్క కోయించాను. మా ఆవిడ కేకులు చేసే పొయ్యిలో ఎండబెట్టి దుకాణం కాటా మీద పెడితే 412 గ్రాములు. ఇడ్లీ పాత్రలో నీళ్లు పోసి మరిగించి, ఆ నీళ్లలోనే చల్లారనిచ్చి, తడిగుడ్డతో తుడిచి తూస్తే 477. అంటే 15.8 శాతం. పక్కనే మోర్బీ విట్రిఫైడ్ ముక్క వేశాను, దాని బరువు ఒక్క గ్రాము కూడా పెరగలేదు. "ఇంత చిన్న పనికి అన్ని రోజులా?" అంది మా ఆవిడ, పాత్ర రెండోసారి తోముతూ. నా దగ్గర జవాబు లేదు.

చివరికి పై అధికారి ఒకాయన్ని కలిశాను. ఆయన గురించి మంచి మాట చెప్పకపోతే పాపం. ఇన్వాయిసు, సుంకం నోటిఫికేషన్, కోడ్ల పట్టిక పక్కపక్కన పెట్టి ఒకే పేజీ అర్జీ రాసుకెళ్లాను. కూర్చోమని చదివి, ఏ ప్రయోగశాలకు పంపాలో రాసి సంతకం పెట్టారు. అక్కడి నుంచి నివేదిక వచ్చింది: 15.4 శాతం. ఇడ్లీ పాత్రకూ ప్రభుత్వానికీ తేడా 0.4. బిల్లు సవరణ అయింది, యాంటీ డంపింగ్ సుంకం పడలేదు, సరుకు విడుదలైంది.

చైనా వాడు కట్టుదిట్టంగా కట్టిన పెట్టెల్లో పగిలినవి చాలా తక్కువ, పగిలినవన్నీ తనిఖీకి తెరిచిన పెట్టెల్లోవే. మళ్లీ తెప్పించేవాళ్లకు నేను చెప్పేది ఇదీ. ఫ్యాక్టరీ దగ్గరే నీటి పీల్పు పరీక్ష నివేదిక తీసుకోండి, ఇన్వాయిసు మీద ఆ శాతం రాయించండి. బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు కాకముందే దాని నకలు తెప్పించుకుని, కోడు అంకె అంకె మీరే సరిచూడండి. తక్కువ ఫీజు అడిగే ఏజెంటును పెట్టుకోకండి. ఎక్కువ అడిగేవాడినీ ఊరికే నమ్మకండి, మావాడు ఎక్కువ అడిగినవాడే. ఇక విట్రిఫైడ్ నేల టైల్స్ కోసమైతే చైనా ఊసే ఎత్తకండి. యాంటీ డంపింగ్ సుంకం కట్టి, పెరిగిన దిగుమతి సుంకం కట్టి తెచ్చే సరుకు మోర్బీ ముందు నిలవదు. ఆర్కిటెక్టుకు మోజు ఉంటే ఆ మోజుకు అయ్యే ఖర్చు ఆయన చేతే ముందుగా సంతకం పెట్టించుకోండి.

ఇప్పుడు మిగిలింది డబ్బు గొడవ. కస్టమ్స్ వాళ్లు ఆపడం వల్లే సరుకు ఆగిందని డిటెన్షన్ సర్టిఫికెట్ సంపాదించాను. దాన్ని చూసి రేవు గోదాము వాళ్లు అద్దెలో చాలా భాగం వదిలేశారు. కంటెయినర్ ఆపినందుకు షిప్పింగ్ సంస్థ వేసిన బిల్లు మాత్రం అలాగే ఉంది. ఆ సర్టిఫికెట్ తమకు వర్తించదని రెండు వరుసల మెయిలు పెట్టారు. మీలో ఎవరికైనా షిప్పింగ్ సంస్థ ఈ సర్టిఫికెట్ మీద మినహాయింపు ఇచ్చి ఉంటే, ఏ కాగితాలు జతచేశారో, ఎవరికి రాశారో దయచేసి చెప్పండి. అర్జీ రాయడానికి ఈ వారం దాకే గడువు ఉంది.