బోర్డుకి జాగా ఎక్కడ?

బిల్డింగ్ పనంతా అయిపోయి, రంగులు ఆరి, ప్రారంభోత్సవం కార్డులు కూడా పంచేశాక ఓనర్ ఫోన్ చేస్తారు. "ఇంజినీరు గారూ, బోర్డు ఎక్కడ పెట్టమంటారు?" అప్పటికే ముందు గోడ నిండా టైల్స్, గ్లాసు, ఏసీ యూనిట్లు. ఇంకేముంది, బోర్డు వాళ్ళు వచ్చి మంచి టైల్ చూసుకుని డ్రిల్ పెడతారు. పై అంతస్తు కిటికీ సగం మూసుకుపోతుంది. విజయనగరంలో చిన్న ఆసుపత్రులు, షాపుల కాంప్లెక్సులు కట్టించే పనిలో ఉన్నాను కాబట్టి ఈ చిరాకు నాకు కొత్త కాదు.

పాతవాళ్ళకి ఈ గొడవ లేదు. ఊళ్ళో పాత వీధుల్లో తలెత్తి నడిస్తే ఇప్పటికీ కొన్ని ఇళ్ళు కనిపిస్తాయి. పిట్టగోడని మధ్యలో కొంచెం పైకి లేపి, అక్కడ ఇంటి పేరు, కట్టిన సంవత్సరం గచ్చుతో పోసి ఉంటాయి. పక్కన రెండు చిలకలో, గజలక్ష్మో. తాపీమేస్త్రీ పూత పచ్చిగా ఉండగానే మేకుతో గీత గీసుకుని, దానిమీద మాలు పెట్టి అక్షరం లేపేవాడు. అంటే పేరుకి చోటు గోడతో పాటే పుట్టేది. అక్షరం ఎత్తుగా ఉంటుంది కాబట్టి పొద్దుటి ఎండలో దాని నీడే దాన్ని చదివిస్తుంది, రంగు వెలిసిపోయినా సరే. ఏటా వేసే సున్నం పొరలతో అక్షరాలు కాస్త ఒళ్ళు చేస్తాయి. అదీ బాగానే ఉంటుంది.

పేరు రాయక్కర్లేని కట్టడాలు వేరు. 1885లో కట్టిన గంటస్తంభానికి బోర్డెందుకు? ఊరంతా దాన్ని చూపించే దారి చెబుతుంది. మనం కట్టే నాలుగంతస్తుల డబ్బాలకి ఆ అదృష్టం లేదు, బోర్డు తీసేస్తే ఏది ఆసుపత్రో, ఏది కోచింగ్ సెంటరో కట్టిన నాకే తెలీదు.

ఇక తెలుగు అక్షరాల సంగతి. దీని గురించి బోర్డు వాళ్ళతో నేను పడని గొడవ లేదు. "తెలుగు, ఇంగ్లీషు రెండూ ఒకే సైజు వేశాం సార్" అంటారు. కొలిస్తే నిజమే. దూరం నుంచి చూస్తే మాత్రం ఇంగ్లీషు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, తెలుగు కళ్ళు చికిలించి చూడాలి. కారణం సులువు. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు కింద గీత నుంచి పై గీత దాకా నిండుగా నిలబడతాయి. మనకేమో ఒక్క "శ్రీ" రాయాలంటే పైన గుడిదీర్ఘం, కింద క్రావడి. రెండడుగుల బోర్డులో పైనా కిందా మూడేసి అంగుళాలు వదిలితే మిగిలేది పద్దెనిమిది. అందులో పైదానికీ కిందదానికీ పోగా అసలు అక్షరం ఒంటికి పది అంగుళాలు దక్కితే గొప్ప. "రాష్ట్ర" లాంటి మాట పడిందా, ఇంకా తగ్గుతుంది. షాపుల బోర్డుల మీద తెలుగు ఉండాలని రూల్స్‌లో ఉంది. దానికోసం ఒక మూల తెలుగు ఇరికించి మమ అనిపించేస్తారు. తెలుగు లైనుకి ఎత్తు ఎక్కువ ఇవ్వండి, ఇంగ్లీషు కాస్త తగ్గించండి అని నా పోరు. ఎత్తు దొరక్కపోతే అక్షరాలు సాగదీయకండి, పొట్ట సన్నబడిపోయి ప, ఫ తేడా తెలీకుండా పోతుంది.

బ్రష్ పట్టిన పెయింటర్‌కి ఇవన్నీ చెప్పక్కర్లేదు. సుద్దదారం కొట్టగానే వత్తులకి కింద ఎంత వదలాలో అతని చేతికి తెలుసు. వత్తు అడ్డం వస్తే పక్కకి జరుపుతాడు, తోక పొట్టి చేస్తాడు. ఫ్లెక్స్ షాపులో ఆ సర్దుబాటు ఉండదు. వాట్సాప్‌లో వచ్చిన తెలుగుని పాత సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేస్తే ఒక్కోసారి వత్తు ఊడి, అక్షరం ఒకచోట, పొల్లు ఒకచోట పడతాయి. అలా విరిగిన పేరుతోనే ప్రారంభోత్సవాలు జరిగిపోతున్నాయి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది మా పక్కనున్న శ్రీకాకుళం జిల్లాలో, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. ఆయన పేరు మీద ఒక తెలుగు ఫాంటే ఉంది, ఉచితంగా దొరుకుతుంది. ఆయన పుట్టిన గడ్డ మీదే ఆర్చీల మీద అక్షరాలు విరుగుతుంటే ఒళ్ళు మండదూ?

బిల్డింగ్ లోపల అసలు కష్టం. ఈ మధ్య మా బంధువుల్ని చూడ్డానికి ఒక ఆసుపత్రికి వెళ్ళాను, నేను కట్టింది కాదు. ఊరి నుంచి వచ్చిన ఒక మామ్మ నన్ను ఆపి "బాబూ, ఎక్సురే ఎటేపు?" అంది. ఆ గది మేం నిల్చున్న వరండాలోనే ఉంది. బోర్డు కూడా ఉంది, తలుపు పక్కన గోడకి అంటించి. ఎదురుగా నిలబడితే తప్ప కనపడదు. పైన ట్యూబులైటు, అది మెరిసే స్టిక్కరు, కాస్త పక్క నుంచి చూస్తే తెల్లటి మెరుపే. ఆ బోర్డునే గోడకి అడ్డంగా, రెండు వైపులా రాసి బయటికి నిలబెడితే వరండా మొదట్లోంచే కనిపించేది. మలుపు దగ్గర ఒక బాణం గుర్తు పెడితే ఇంకా మంచిది. చదువు రానివాళ్ళకి గది నంబరు పెద్దగా వేసి, చీటీ మీద అదే నంబరు రాస్తే చాలు, వెతుక్కుంటూ వెళ్ళిపోతారు.

రైల్వే వాళ్ళని చూసి నేర్చుకోవచ్చు. పసుపు మీద నల్ల అక్షరాలు, ప్లాట్‌ఫాం చివర రెండు కాళ్ళ మీద పెద్ద బోర్డు. కదులుతున్న రైల్లోంచి కూడా చదవొచ్చు. కాకపోతే ఆమదాలవలసలో దిగినవాడికి బోర్డు మీద "శ్రీకాకుళం రోడ్" అని ఉంటుంది, శ్రీకాకుళం వెళ్ళాలంటే మళ్ళీ ఆటో ఎక్కాలి. అది అక్షరాల తప్పు కాదనుకోండి. 2022లో జిల్లాలు మారాక రాజాం మా జిల్లాలోకి వచ్చింది. పాత షాపు బోర్డు మీద "శ్రీకాకుళం జిల్లా" అని ఉంటే దాన్నీ తప్పు పట్టలేం, రాసిన రోజున అది నిజమే.

ఇప్పుడు నేను ప్లాన్ గీసే ముందే పేరు అడుగుతున్నాను. పేరు తెలిస్తే అక్షరాలెన్నో తెలుస్తుంది, కింద వత్తులున్నాయో లేదో తెలుస్తుంది, లింటెల్ (తలుపు, కిటికీల మీది దూలం) పైన ఎంత గోడ ఖాళీగా వదలాలో, బోర్డు లైటుకి కరెంటు పైపు ఎక్కణ్ణుంచి తేవాలో శ్లాబ్ పోయకముందే తేలిపోతుంది. కంటోన్మెంట్ వైపు ఒక కొత్త ల్యాబ్‌కి ఇలాగే నాలుగడుగుల గోడ వదిలి గీశాను. ఓనర్ డ్రాయింగ్ అటూ ఇటూ తిప్పి, "ఇక్కడ ఊరికే ఖాళీగా ఉంది కదండీ, ఒక కిటికీ పెట్టేద్దామా?" అన్నారు. బేరం ఇంకా నడుస్తోంది.