రొట్టె లెక్కలో తేలిన యుద్ధం

మా చరిత్ర మాస్టారు రెండో ప్రపంచ యుద్ధం పాఠంలో తేదీలు బట్టీ పట్టమనలేదు. "యుద్ధం ఎక్కడ మలుపు తిరిగిందిరా?" అని అడిగి కుర్చీలో వెనక్కి వాలేవారు. అంతే, క్లాసు రెండు ముక్కలు. కిటికీ వైపు బెంచీలది పసిఫిక్ సముద్రంలో అమెరికా, జపాన్ తలపడ్డ మిడ్‌వే, మాది రష్యాలో జర్మన్లు, సోవియట్లు తలపడ్డ స్టాలిన్‌గ్రాడ్.

మిడ్‌వే తీసిపారేసే వాదనేం కాదు. 1942 జూన్ 4న అమెరికా టార్పెడో విమానాలు నీళ్లకు ఆనుకుని వచ్చి వరసగా కూలిపోయాయి. వాటి వెంటపడి జపాన్ ఫైటర్లు కిందికి దిగిపోయాయి. సరిగ్గా అప్పుడే పైనుంచి డైవ్ బాంబర్లు విరుచుకుపడ్డాయి. నిమిషాల్లో జపాన్ విమానవాహక నౌకలు అకాగి, కాగా, సోర్యు మంటల్లో చిక్కాయి. సాయంత్రం హిర్యు వంతు. వినడానికి సినిమాలా ఉంటుంది కాబట్టి ఓట్లు దానికే ఎక్కువ పడేవి.

మా వంతు వచ్చేసరికి మాస్టారు బోర్డు మీద భాగహారం వేశారు. నవంబరు 19న దాడి మొదలెట్టిన సోవియట్ సేనలు నగరంలోకి పోకుండా, జర్మన్లకు రెండు పక్కలా కాపలా ఉన్న రొమేనియా సైన్యాలను చీల్చుకుని 23కల్లా నగరం వెనక కలాచ్ అనే ఊరి దగ్గర కలుసుకున్నాయి. ఆ వలయం లోపల చిక్కిన జర్మన్ పక్షం వాళ్లు సుమారు రెండున్నర లక్షలు. సరుకంతా విమానాల్లో చేరవేస్తామని జర్మన్ వైమానిక దళాధిపతి గోరింగ్ భరోసా ఇచ్చాడు. రోజుకు కనీసం 300 టన్నులు కావాలి. "తలకెంతొస్తుందో చెయ్యండి" అన్నారు. కిలో రెండొందల గ్రాములు. "రొట్టె, తూటాలు, పెట్రోలు, మందులు అన్నీ అందులోనే."

నిజానికి చేరింది సగటున వంద టన్నుల పైచిలుకేనని చెప్పి మళ్లీ చేయించారు. అరకిలో కూడా తేలలేదు. "అయితే గుర్రాల్ని తినేస్తారు సార్" అన్నాడొకడు వెనకనుంచి, నవ్వించడానికి.

"తిన్నార్రా" అన్నారు మాస్టారు.

1943 జనవరి 30న హిట్లర్ వలయంలోని సేనల అధిపతి పౌలస్‌ను ఫీల్డ్ మార్షల్ చేశాడు. ఆ హోదాలో ఉన్న జర్మన్ ఎవడూ అంతవరకు శత్రువు చేతికి చిక్కలేదు, చస్తాడే తప్ప లొంగడని లెక్క. మర్నాడే లొంగిపోయాడు. ఫిబ్రవరి 2తో అంతా అయిపోయింది. బందీలైన దాదాపు 91 వేల మందిలో ఇళ్లకు తిరిగొచ్చినవాళ్లు ఐదారు వేలే.

నా మటుకు మలుపు లొంగుబాటు నాడు రాలేదు. వలయం ఇంకా గట్టిపడక ముందే, ఆ టన్నుల మాట నమ్మి ఉన్నచోటే ఉండమని హిట్లర్ హుకుం వేసిన నవంబరులోనే వచ్చింది. మిడ్‌వే సంగతంటారా, అక్కడ ఫలితం తలకిందులైనా అమెరికాలో ఎసెక్స్ తరగతి విమానవాహక నౌకల తయారీ ఆగేది కాదు. కిటికీ బెంచీల వాళ్లు దీనికి జవాబేదైనా ఉంటే వచ్చే సంచికకు పంపొచ్చు.