ఎర్ర రాక్షసుడికి నలుపు కలపొద్దు

బల్ల మీద చిన్న బొమ్మలతో ఆడే టేబుల్‌టాప్ ఆటల్లో రాక్షసుడి బొమ్మకి గుడ్డలు తక్కువ, ఒళ్లు ఎక్కువ. రంగు వేసేటప్పుడు ఆ ఒంటి ఎరుపు కుదిరిందంటే ముప్పాతిక పని అయిపోయినట్టే.

రెజిన్ (అచ్చులో పోస్తే గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థం) బొమ్మయితే ముందు గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. జిడ్డు మిగిలితే తర్వాత గోరు తగిలినా రంగు పొరగా లేచిపోతుంది. నీళ్లు మరీ వేడిగా ఉంటే రెక్కలు వంగిపోతాయి. కొమ్ముల మీద అచ్చు అతుకుల దగ్గర మిగిలిన గీతల్ని కట్టర్ వీపుతో గీకేయండి.

స్ప్రే ప్రైమర్‌కి (పై రంగు పట్టుకోడానికి ముందు కొట్టే పూత) తిరుపతిలో టైము చూసుకోవాలి. మే నెల మధ్యాహ్నం మిద్దె మీద కొడితే రంగు గాల్లోనే ఎండి, బొమ్మ మీద ఇసుకలా పడుతుంది. తెల్లారి ఏడులోపు, జానెడు దూరం నుంచి, చెయ్యి ఆపకుండా కొట్టండి. కార్తీకమాసం ముసురులో అసలు స్ప్రే జోలికే పోవద్దు, తేమకి తెల్లగా బూజు పట్టినట్టవుతుంది. అప్పుడు బ్రష్షుతో వేసే ప్రైమరే దిక్కు. ముందు ఒళ్లంతా నలుపు, అది ఆరాక పైనుంచి మాత్రమే తెలుపు. నీడ ఎక్కడ పడుతుందో అదే చూపిస్తుంది.

ఇక ఎరుపు. ఎర్రరంగు పలచన, కిందిది దాచలేదు. నలుపు మీద నేరుగా వేస్తే ఐదు పూతలేసినా ఇటుకపొడిలాగే ఉంటుంది. అందుకే ముందు ఎర్రమట్టి రంగు ఒక పూత వేయండి. నీడకి నలుపు కలిపితే ఎరుపు చచ్చిపోతుంది. నాలుగు పాళ్ల ఎరుపుకి ఒక పాలు ముదురాకుపచ్చ కలపండి, ఎండిన నెత్తురు రంగొస్తుంది. దాన్ని కండల మధ్య గుంటల్లో వదిలేసి, పైన సగం నీళ్లు కలిపిన ఎరుపు రెండు పూతలు. మొదటిది పూర్తిగా ఆరకముందే రెండోది పెడితే కింది రంగు బ్రష్షుతో పాటు లేచొస్తుంది. ఉబ్బుల మీద ఎరుపు, నారింజ సమానంగా కలిపి వేయండి. తెలుపు కలిపారా, జాతరలో పీచుమిఠాయి రంగు రాక్షసుడు తయారవుతాడు.

కాళహస్తి కలంకారీలోనూ రాక్షసులకి ఎరుపు వాడతారు. అక్కడ బెల్లం, తుప్పు ఇనుము నానబెట్టిన నల్లరంగుతో ముందు గీత గీసి, తర్వాత రంగు నింపుతారు. మనం తిరగేయాలి: రంగులన్నీ అయ్యాక, నడుముపట్టీ ఒంటికి ఆనేచోట, గోళ్ల మొదట్లో ముదురు గోధుమరంగు వెంట్రుకవాసి గీత. బొమ్మ అడుగు దూరంలో ఉన్నా విడివిడిగా కనిపించేది ఆ గీతవల్లే.

ఫ్యాను కింద కూర్చుంటే పాలెట్ (రంగులు కలుపుకునే పలక) మీద రంగు నిమిషాల్లో తొక్క కడుతుంది. మిఠాయి డబ్బా మూతలో తడి స్పాంజి పరిచి, పైన బేకింగ్ పేపరు వేస్తే గంటలు నిలుస్తుంది. మైనం పూసిన కాగితమైతే తడి పైకి రాదు, పనికిరాదు.

కొమ్ములు మొదట్లో దాదాపు నలుపు, కొసకి దంతం రంగు. గీతలన్నీ కొసవైపే లాగాలి. కళ్లు పసుపు పెట్టండి. ఎర్ర మొహంలో ఎర్రకళ్లు మునిగిపోతాయి.

చివర మెరుపు లేని మ్యాట్ వార్నిష్, అది ఆరాక నాలుకకీ, చిగుళ్లకీ మాత్రం ఒక చుక్క మెరిసే గ్లాసీ వార్నిష్. నోరు తడిగా కనిపిస్తుంది.