260 వాట్ల ఆఫీసు డబ్బాలో గ్రాఫిక్స్ కార్డు: పని ఎంతవరకు వచ్చింది

లీజు తీరాక ఐటీ ఆఫీసుల్లోంచి బయటికొచ్చే టవర్ పీసీలు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల దొంతరలుగా కనిపిస్తాయి. అలాంటి డబ్బా గురించే ఈ లాగ్. లోపల ఐ5-8500 (6 కోర్లు, 65 వాట్లు), ఒకే ఒక్క 8 జీబీ డీడీఆర్4 స్టిక్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, కంపెనీ ఇచ్చిన 260 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా పెట్టె). మానిటర్ 1080పీ. చేయాల్సిన పనులు మూడు: గేములు, చిన్న వీడియోల ఎడిటింగ్, ఓబీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెర రికార్డింగ్. అన్నీ కలిపి ఖర్చు 12,000 దాటకూడదు. కార్డుల ధరలు ఇక్కడ రాయడం లేదు, వారం తిరిగేసరికి పాతబడతాయి.

మొదటి పని: మూత విప్పడం

కార్డుల జాబితా ఇంకా తెరవలేదు, ముందు డబ్బా తెరవాలి. చూడాల్సినవి నాలుగు. పొడవాటి పీసీఐ స్లాట్ దగ్గర్నుంచి ముందువైపు హార్డ్‌డిస్క్ పంజరం దాకా టేపు పెడితే 215 మి.మీ. వచ్చింది. అంటే రెండు ఫ్యాన్ల పొడుగు కార్డులు చాలావరకు బయటే. స్లాట్ కింద ఇంకో స్లాట్ ఖాళీగా ఉంది కాబట్టి రెండు స్లాట్ల మందం పడుతుంది. స్లిమ్ డబ్బా అయితే సగం ఎత్తు బ్రాకెట్ ఉన్న లో-ప్రొఫైల్ కార్డే దిక్కు, అవి అదే చిప్‌కు ఎక్కువ ధర పలుకుతాయి. మూడోది, ఎస్‌ఎంపీఎస్ నుంచి కార్డుకిచ్చే 6 పిన్ల వైరు ఉందా? లేదు. నాలుగోది మదర్‌బోర్డుకు వెళ్లే కరెంటు సాకెట్. మామూలు 24 పిన్నులది కాదు, ఆ కంపెనీ సొంత ఆకారం. కాబట్టి బజార్లో దొరికే ఎస్‌ఎంపీఎస్ తెచ్చి నేరుగా బిగించే వీల్లేదు. అడాప్టర్ వైర్లు దొరుకుతాయి గానీ, ఆ మోడల్‌కు సరిపోతుందని తేలనిదే కొనకూడదు. తప్పు అడాప్టర్ పెడితే పోయేది బోర్డే.

ఈ నాలుగు చూసేసరికి సగం నిర్ణయం అయిపోయింది: 75 వాట్లకు మించని, విడిగా వైరు అడగని కార్డే కావాలి.

కరెంటు లెక్క

పీసీఐ స్లాట్ ఒక్కటే ఇవ్వగలిగింది 75 వాట్లు. 6 పిన్ల వైరు ఇంకో 75, 8 పిన్ల వైరు 150 ఇస్తాయి. మన డబ్బాలో ప్రాసెసర్‌కు 65, కార్డుకు 75, బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు కలిపి 40 అనుకుంటే 180. 260కి బాగానే లోబడింది. టర్బోలో, అంటే వేగం పెంచుకున్నప్పుడు, ప్రాసెసర్ కాసేపు 65 దాటినా ఇబ్బంది లేదు.

ఎస్‌ఎంపీఎస్ మార్చగలిగే డబ్బా ఉన్నవాళ్లకు ఒక మాట. స్టిక్కర్ మీద పెద్ద అక్షరాల్లో రాసిన వాట్లు వదిలేసి 12 వోల్టుల గడి చూడండి. పైన 450 అని ఉండి, ఆ గడిలో 15 ఆంపియర్లే ఉంటే కార్డుకూ ప్రాసెసర్‌కూ కలిపి దక్కేది 180 వాట్లే. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చేవాటిలో ఈ వరస ఎక్కువ.

'సాటా వైరు నుంచి 6 పిన్‌కు' అని అమ్మే చిన్న కన్వర్టర్ జోలికి మాత్రం పోవద్దు. డిస్కులకు పెట్టే సాటా కరెంటు ప్లగ్గులో 12 వోల్టులకు మూడు పిన్నులు, ఒక్కోటి 1.5 ఆంపియర్లు. అంటే 54 వాట్లు. కార్డు 75 లాగితే ప్లగ్గు ప్లాస్టిక్ మెత్తబడి, పసుప్పచ్చ వైరు దగ్గర నల్లబడి, ఒక్కోసారి అంటుకుంటుంది కూడా.

జాబితా, కొట్టివేతలు

ఇక్కడే ఎక్కువ రోజులు పట్టాయి. పట్టాలి కూడా.

జీటీ 730, జీటీ 1030 మొదటే కొట్టేశాం. 1030లో రెండు రకాలున్నాయి. జీడీడీఆర్5 మెమరీ ఉన్న రకం సెకనుకు 48 జీబీ డేటా కదిలిస్తే, డీడీఆర్4 రకం 17 కూడా కదిలించదు. పేరు అదే, పెట్టె అదే, వేగం మూడో వంతు. డెస్క్‌టాప్‌కు రెండో మానిటర్ కావాలంటే తప్ప ఇవి దండగ.

జీటీఎక్స్ 1050 టీఐ: 4 జీబీ, 75 వాట్లు, చాలా మోడళ్లకు వైరు అక్కర్లేదు. కొన్నేళ్ల క్రితం అయితే ఇదే కొనమనేవాళ్లం. కానీ 2016 నాటి పాస్కల్ తరం చిప్ ఇది. ఆ తరానికి కొత్త గేముల డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆగిపోయాయి, ఇక సెక్యూరిటీ అప్‌డేట్లే. చవగ్గా వచ్చినా వద్దు. పైగా నకిలీలు ఎక్కువగా తిరిగేది ఈ పేరు మీదే: పాత జీటీఎస్ 450, జీటీఎక్స్ 550 టీఐ కార్డులకు బయోస్ (లోపలి మూల సాఫ్ట్‌వేర్) మార్చి 1050 టీఐ స్టిక్కర్ అంటించి అమ్ముతారు.

ఆర్‌ఎక్స్ 580: 8 జీబీ చూసి నోరూరుతుంది. 185 వాట్లు చూస్తే ఆరిపోతుంది. 580 పేరుతో దొరికే '2048ఎస్‌పీ' రకం అసలు 580 కాదు, లోపలున్నది 570 లెక్కే. అసలు దానిలో షేడర్లు (బొమ్మను లెక్కగట్టే చిన్న కోర్లు) 2304.

ఆర్‌ఎక్స్ 6400 దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే కాగితం మీద మన డబ్బాకు దీన్ని మించింది లేదు. 53 వాట్లు, వైరు లేదు, లో-ప్రొఫైల్ దొరుకుతుంది, 2022లో వచ్చింది. మెలిక లేన్ల (కార్డుకూ బోర్డుకూ మధ్య డేటా దారుల) దగ్గర. ఈ కార్డు వాడేది 4 లేన్లే. పీసీఐ 4.0 బోర్డులో ఆ నాలుగూ సెకనుకు దాదాపు 8 జీబీ మోస్తాయి. మన 8వ తరం ఇంటెల్ బోర్డు పీసీఐ 3.0, కాబట్టి 4 జీబీయే. గేము టెక్స్చర్లు కార్డు మీది 4 జీబీలో పట్టినంతసేపు తేడా పెద్దగా తెలియదు. నిండిన క్షణం నుంచి మిగతావి సిస్టమ్ ర్యామ్‌లోంచి ఈ సన్నదారిలోనే రావాలి. అప్పుడు సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) బాగానే కనిపిస్తూ, మలుపు తిరిగిన ప్రతిసారీ గేము తట్టుకుంటూ నడుస్తుంది. ఎడ్లబండి దారిలోకి లారీని తోలినట్టే. ఇది చాలదన్నట్టు 6400లో వీడియో ఎన్‌కోడర్ (వీడియోను కుదించే భాగం) అసలు పెట్టలేదు. ఓబీఎస్ రికార్డింగ్ భారం ప్రాసెసర్ మీదో, దానిలోని ఇంటెల్ ఎన్‌కోడర్ క్విక్‌సింక్ మీదో పడుతుంది. 6500 ఎక్స్‌టీకీ ఇవే రెండు జబ్బులు, పైగా లాగేది 107 వాట్లు. రెండూ కొట్టివేత.

ఇంటెల్ ఆర్క్ ఏ380: 6 జీబీ, 75 వాట్లు, ఏవీ1 అనే కొత్త వీడియో ఫార్మాట్‌లో ఎన్‌కోడింగ్ కూడా ఉంది. ఎడిటింగ్‌కు మంచిదే. కానీ రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ అంతా ప్రాసెసర్‌కు ఒకేసారి అందే ఏర్పాటు) ఆన్ కాని బోర్డులో ఈ కార్డు బాగా చతికిలబడుతుంది, 8వ తరం ఆఫీసు బోర్డు బయోస్‌లో ఆ ఆప్షనే లేదు. 10వ తరం ఇంటెల్ లేదా ఆ పైబడిన బోర్డున్నవాళ్లు ఆలోచించొచ్చు.

ఆర్‌టీఎక్స్ 3050లో '6 జీబీ' అన్న మాట ముఖ్యం. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 6 జీబీ రకం 70 వాట్లే, చాలా మోడళ్లకు వైరు లేదు. 8 లేన్లు వాడుతుంది కాబట్టి పీసీఐ 3.0లోనూ ఊపిరాడుతుంది, డీఎల్‌ఎస్‌ఎస్ (తక్కువ రిజల్యూషన్ బొమ్మను పెంచి చూపే సదుపాయం) కూడా వస్తుంది. 8 జీబీ రకం 130 వాట్లు, మన డబ్బాకు పనికిరాదు. కొత్తది, వారంటీతో కొనగలిగితే ఈ డబ్బాకు 6 జీబీ 3050యే మొదటి మాట. మన 12,000కి అందలేదు.

మిగిలింది సెకండ్ హ్యాండ్ జీటీఎక్స్ 1650. 2019 ఏప్రిల్‌లో వచ్చిన ట్యూరింగ్ తరం చిప్, 896 కోర్లు, 4 జీబీ, 75 వాట్లు, పూర్తి 16 లేన్లు. డ్రైవర్లు ఇంకా వస్తున్నాయి. ఇందులోనూ రెండు రకాలు: జీడీడీఆర్5 సెకనుకు 128 జీబీ, 2020లో వచ్చిన జీడీడీఆర్6 192 జీబీ. రెండోది దొరికితే వదలకూడదు, అయితే దానిలో చాలా మోడళ్లకు 6 పిన్ల సాకెట్ ఉంటుంది. ఫ్యాక్టరీలోనే ఓవర్‌క్లాక్ చేసిన జీడీడీఆర్5 కార్డులకు కూడా ఉండొచ్చు. ఫొటోలో కార్డు పై అంచు చూపించమని అడగాలి. 1650 సూపర్ వేరే సరుకు, 100 వాట్లు, వైరు తప్పనిసరి. చివరికి కుదిరింది వైరు లేని, ఒకే ఫ్యాన్ ఉన్న జీడీడీఆర్5 రకం, పొడవు 170 మి.మీ.

కౌంటర్ దగ్గర పరీక్ష

ముందు కళ్లతో. బ్రాకెట్ తుప్పు, స్క్రూల మీద స్క్రూడ్రైవర్ గీతలు, చిప్ చుట్టూ కాలిన ఫ్లక్స్ మరకలు చూడాలి. విశాఖ, కాకినాడ వైపు నుంచి వచ్చిన కార్డుల్లో పోర్టుల లోహం మీద ఆకుపచ్చ పొడి కనిపిస్తే ఉప్పుగాలి తగిలినట్టే. ఫ్యాన్‌ను వేలితో తిప్పితే నాలుగైదు చుట్లు తిరిగి మెల్లగా ఆగాలి. గరగరమంటే, అటూ ఇటూ ఊగితే బేరింగ్ అరిగింది.

తర్వాత పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న జీపీయూ-జెడ్, కార్డు వివరాలు చూపే ప్రోగ్రామ్. జీడీడీఆర్5 1650 అయితే చిప్ టీయూ117, షేడర్లు 896, బస్ 128 బిట్, బ్యాండ్‌విడ్త్ 128 జీబీ చూపాలి. బయోస్ మార్చిన నకిలీ అయితే పేరు ముందే 'ఫేక్' అని పడుతుంది.

ఫర్‌మార్క్ (కార్డు మీద పూర్తి భారం వేసే పరీక్ష) 15 నిమిషాలు. దుకాణంవాళ్లు రెండు నిమిషాలకే 'బాగుంది కదన్నా' అంటారు, ఒప్పుకోకూడదు. చిప్ వేడెక్కి నిలకడకు రావడానికే పది నిమిషాలు పడుతుంది. లోపం ఏమిటో తెర మీదే తెలుస్తుంది. చదరంగం గళ్లలా, రంగుల చుక్కల్లా కనిపిస్తే ఎక్కువసార్లు మెమరీ చిప్ పోయినట్టే, అది తేలిగ్గా రిపేరుకు లొంగదు. తెర నల్లబడి ఫ్యాన్ ఒక్కసారిగా ఫుల్‌గా తిరిగితే తప్పు కరెంటుదో, కార్డు మీది వీఆర్‌ఎమ్‌దో (వోల్టేజి సర్దే భాగం). 85 డిగ్రీలు దాటి క్లాక్ (చిప్ వేగం) పడిపోతుంటే ఎక్కువసార్లు చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఎండిన పేస్ట్ వల్లే, దాన్ని బేరానికి వాడుకోవచ్చు. మన కార్డు 33 డిగ్రీల గదిలో 81 దగ్గర నిలబడింది. తర్వాత ఓసీసీటీలో మెమరీ పరీక్ష ఒక రౌండు, తప్పులు సున్నా.

బిల్లు మీద సీరియల్ నంబరు, 'టెస్టింగ్ వారంటీ 7 రోజులు' అన్న మాట పెన్నుతో రాయించాలి. నోటిమాట వారంటీ దుకాణం మెట్లు దిగేదాకే.

పేస్ట్ మార్చడం

హీట్‌సింక్‌కు వెనక నాలుగు స్ప్రింగ్ స్క్రూలు. ఒకదాన్ని పూర్తిగా విప్పేయకుండా, మూలకు మూల ఎదురెదురుగా సగం చుట్టు చొప్పున వదులు చేయాలి. లేకపోతే చిప్ అంచు విరుగుతుంది. హీట్‌సింక్ లేచి రాకపోతే గుంజవద్దు. ఐదు నిమిషాలు ఫర్‌మార్క్ నడిపి, ఆపి, వేడి మీద మెల్లగా మెలితిప్పితే పేస్ట్ వదులుతుంది. ఫ్యాన్ వైరు చిన్న సాకెట్‌కు ఉంటుంది, వైరు పట్టి లాగకుండా ప్లగ్గు పట్టి లాగాలి. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, చిప్ మధ్య కందిగింజంత కొత్త పేస్ట్.

థర్మల్ ప్యాడ్లు చిరగకపోతే అలాగే ఉంచాం. మార్చాల్సివస్తే పాతదాని మందం కొలిచే కొనాలి. 1 మి.మీ. చోట 1.5 పెడితే హీట్‌సింక్ పైకి లేచి చిప్‌కు తగలదు, పేస్ట్ మార్చాక వేడి ఇంకా పెరిగిందని వాపోయేవాళ్ల కథ సాధారణంగా ఇదే. మన దానిలో 81 కాస్తా 72కు దిగింది.

బిగించాక వచ్చిన చిక్కులు

మొదటి బూట్‌లో తెర నలుపు. కారణం చాలా చిన్నది, మానిటర్ కేబుల్ ఇంకా మదర్‌బోర్డు పోర్టులోనే ఉంది. వీజీఏ మానిటర్ ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు: కార్డు మీది డీవీఐ పోర్టు డీవీఐ-డీ, అందులో అనలాగ్ సిగ్నల్ లేదు. చవక డీవీఐ-వీజీఏ ముక్క పనిచేయదు. లోపల చిప్ ఉన్న హెచ్‌డీఎంఐ-వీజీఏ కన్వర్టర్ కొనాలి.

పాత డ్రైవర్ అవశేషాలను సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే టూల్‌తో తీసేసి, ఆ తర్వాతే కొత్త డ్రైవర్.

గేముల్లో ఆగిఆగి నడవడం మాత్రం పోలేదు. తప్పు కార్డుది కాదు. ఒకే 8 జీబీ స్టిక్ అంటే ర్యామ్ సింగిల్ ఛానల్‌లో సగం వేగంతో నడుస్తోంది, పైగా 8 జీబీ నిండిపోతోంది. మిగిలిన డబ్బుతో అదే వేగం, 2666, ఇంకో 8 జీబీ స్టిక్ వేయగానే ఆ తడబాటు చాలావరకు తగ్గింది. ఈ డబ్బా కొన్నవాళ్లు కార్డు కంటే ముందే ఈ పని చేసుకోవడం మంచిది.

చివరిగా ఆఫ్టర్‌బర్నర్ టూల్‌లో అండర్‌వోల్టింగ్, అంటే చిప్ వోల్టేజి తగ్గించడం. 75 వాట్ల కార్డులు వేడి కంటే ముందు కరెంటు హద్దుకు తగిలి క్లాక్ తగ్గించుకుంటాయి. వోల్టేజి తగ్గిస్తే అదే 75 వాట్లలో క్లాక్ నిలబడుతుంది. వోల్టేజి-క్లాక్ కర్వ్ తెరిచి 900 మిల్లీవోల్టుల దగ్గర చుక్కను 1785 మెగాహెర్ట్జ్‌కు లేపి, దాని కుడివైపువన్నీ చదును చేశాం. గంట ఆటలో ఒకసారి డ్రైవర్ పడిపోయింది. 15 మెగాహెర్ట్జ్ చొప్పున రెండు మెట్లు దించి 1755 పెడితే నాలుగు రోజులుగా నిలకడగా ఉంది. ఇప్పుడు గేములో 68 డిగ్రీలు, ఫ్యాన్ చప్పుడు కూడా తగ్గింది. రికార్డింగ్ హెచ్.264లో, కార్డులోని ఎన్‌కోడర్ ఎన్‌వెంక్ మీద నడుస్తోంది. జీడీడీఆర్5 1650లో ఉన్నది ట్యూరింగ్ కంటే ముందటి ఓల్టా కాలపు ఎన్‌కోడర్, హెచ్.265లో బీ-ఫ్రేములు (ముందూ వెనకా ఫ్రేములు చూసి కుదించేవి) ఇవ్వదు, అందుకే హెచ్.264తోనే సరిపెట్టుకున్నాం.

మిగిలిన పని ఒకటే. ఈ లెక్కలన్నీ 33 డిగ్రీల గదివి. ఎండాకాలం గది 40కి చేరితే కార్డు అంకె కూడా ఇంచుమించు అంతే పైకి జరుగుతుంది. డబ్బాకు ముందువైపు గాలి లాగే ఫ్యాన్ లేదు, 92 మి.మీ. ఫ్యాన్ పట్టే చోటుంది. బోర్డు మీద ఖాళీ హెడర్ 4 పిన్నులదా, కంపెనీ సొంత ఆకారమా అన్నది మూత మళ్లీ విప్పినప్పుడు చూడాలి.