పొయ్యిలోకి విసిరిన ముడి

ఇరవయ్యేళ్ళుగా వడ్రంగం చేస్తున్నాను. చెక్క గురించి నాకు ఇంకొకరు చెప్పడమా అని మొన్న ఇంగ్లండులో హాలిఫాక్స్ దగ్గరి మా షెడ్డులో మొహం మాడ్చుకున్నాను. సికమోర్ దుంగకున్న బొడిపెను కోసి పొయ్యి కట్టెల్లోకి విసిరితే, మాతో పనిచేసే పెద్దాయన గద్దించి మరీ దాన్ని వెనక్కి తీశాడు. "ఇది తగలెయ్యడానికి కాదబ్బాయ్, ఇది నర్" అన్నాడు.

ఆ మాట నేనెప్పుడూ వినలేదు. రాసి చూపించాడు. ముందు 'కె' ఉంది, పలకరు. చెట్టు ముడికీ అదే పేరు, ఒకప్పుడు అలాంటి గట్టి కొయ్యతో చేసిన ఆట బంతికీ అదే పేరు.

మర్నాడు జేబురుమాల్లో కట్టి వాళ్ళ తాతగారి బంతి తెచ్చాడు. ఉసిరికాయంత ఉంది. ఒకవైపు నొక్కుకుపోయి, చేతుల జిడ్డుకు నల్లబడి ఉంది. స్ప్రింగు బిగించిన 'స్పెల్' అనే బోను దాన్ని పైకి ఎగరేస్తుంది, పొడవాటి కర్రతో బాదాలి. ఎంత దూరం పోతే అంత గొప్ప; 20 గజాలకు ఒక స్కోరు లెక్క. యార్క్‌షైర్, లాంకషైర్ గనుల వాళ్ళూ మిల్లుల వాళ్ళూ పందేలు కాసి ఆడేవారట. పేదవాడి గోల్ఫ్ అనేవారు. తర్వాత పింగాణీ బంతులొచ్చాయి.

వింటుంటే నాకు మన బిళ్ళంగోడే కళ్ళముందు మెదిలింది. బోను లేదు గానీ, మనం బిళ్ళ చివర కొట్టి ఎగరేసేది అందుకే కదా!

అయినా ఆ గద్దింపు మాత్రం రెండ్రోజులు మనసులో గుచ్చుకుంటూనే ఉంది. ముడి ఉన్న చెక్క గుమ్మానికి పనికిరాదని నాకు నేర్పింది మా నాన్న. ఆయన తప్పు నేర్పాడా? లేదు. తలుపు వంకర పోకూడదు కాబట్టి ముడి వద్దన్నాడు. బంతి చీలకూడదు కాబట్టి ఈయన ముడే కావాలంటున్నాడు. ముడిలో చెక్క పోగులు ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి, అందుకే సుత్తి దెబ్బకు కూడా ఒక పట్టాన పగలదు. ఇద్దరూ చెక్క తెలిసినవాళ్ళే. నేనే నాన్న చెప్పినదాంట్లో సగం పట్టుకుని తిరిగాను.

రాత్రి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పచ్చిది కదా, వెంటనే లేత్ ఎక్కించొద్దని చెప్పు ఆయనకి. నీడన ఆరబెట్టమను" అన్నాడు.